దడికి పడమటి వైపు

రాళ్లగుట్ట కింద ఓ గొర్రెల దొడ్డి. చుట్టూ తుమ్మకంప దడి. పొద్దున్నే మంద మేతకు పోతే, ఇంకా గట్టిగా నడవలేని పిల్లలు లోపలే ఉండిపోయేవి. వాటికి కాపలా బొల్లిగాడనే కుక్క. ఎండనక వాననక రోజుకు మూడుసార్లు దడి చుట్టూ తిరిగి, ప్రతి కొమ్మా వాసన చూసేవాడు. అంతకు మించి వాడికి పెద్ద తెలివితేటలేం లేవు. నిజానికి అక్కర్లేదు కూడా.

ఆ వేసవిలో ఓ ముసలి గొర్రె ఈనింది. దాని మూడు ఈతల పిల్లలూ అంతకుముందే నక్కల పాలయ్యాయి.

"బొల్లీ, ఇదే నా ఆఖరి కాన్పు. తొలకరికల్లా ఇది నా వెంట నడుస్తుంది. అంతవరకు కాస్త చూడు నాయనా," అంది.

"నీ పిల్ల మీద ఈగ వాలనివ్వను పెద్దమ్మా," అన్నాడు బొల్లిగాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

మర్నాడు దడికి పడమటి వైపు, రాయి విసిరేంత దూరంలో ఓ నక్క వచ్చి కూర్చుంది. బొల్లిగాడు గొంతు చించుకున్నాడు. నక్క ఉలకలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లిపోయింది. తర్వాతి రోజూ వచ్చింది. వడగాలి కొట్టినా వచ్చింది, ఒళ్లు బాగా లేకపోయినా కుంటుకుంటూ వచ్చింది. పదో రోజుకు బొల్లిగాడికి మొరగడం విసుగేసింది.

"రోజూ ఎందుకొస్తావ్?"

"ముసలాణ్ణి అల్లుడూ. గుట్టలో పలకరించే దిక్కు లేదు. నిన్ను చూస్తే కాలక్షేపం."

"దగ్గరికొచ్చావో, చీరేస్తా!"

"ఎందుకొస్తాను? ఇదిగో, ఎదురుగానే ఉన్నాగా. మరి ఈ వైపు కూడా ముక్కు పెట్టుకు తిరుగుతావెందుకు, కాళ్ల నొప్పులు కాకపోతే? మిగతా మూడు వైపులూ చూసుకో చాలు."

బొల్లిగాడికి అది సబబుగానే తోచింది. ఆ పూట పడమటి వైపు వెళ్లలేదు. ఏమీ కాలేదు. మర్నాడూ వెళ్లలేదు, అప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాడి కొంప ముంచింది. నాలుగు రోజుల్లో నక్క వాడికి మామ అయిపోయింది.

"మూతికి ఆ నెత్తురేంటి మామా?" అని ఒకసారి అడిగాడు కూడా.

"జెముడు పళ్లు తింటుంటే గుచ్చుకుంది అల్లుడూ."

బొల్లిగాడు తూర్పు వైపు తిరిగే ఆ కాసేపట్లో నక్క రోజుకో కొమ్మ నోటితో లాగేసి, మళ్లీ తన చోటికి పోయి కూర్చునేది. పైకొమ్మలు కదలకుండా కిందివే లాగేది. రోజుకు ఒకటే. రెండోది ముట్టుకునేది కాదు.

యాభయ్యో రోజు ఆకాశం మబ్బు పట్టింది. "రేపట్నుంచి నీ వెంటే తీసుకుపో పెద్దమ్మా," అని గొర్రెను సాగనంపి బొల్లిగాడు మూడు వైపులూ తిరిగొచ్చాడు. నక్క చోటు ఖాళీగా ఉంది. మామకి ఏమైందోనని కంగారు పడ్డాడు వెర్రివాడు. అప్పుడు తగిలింది నెత్తుటి వాసన.

పడమటి దడి అడుగున తలపట్టేంత కంత. వాడు పరుగెత్తేసరికి నక్క గుట్టమీద బండల సందులోకి చేరిపోయింది. పిల్లను కింద పెట్టింది. అది కదల్లేదు.

"మామా అన్నానే నిన్ను!" అని ఏడ్చాడు బొల్లిగాడు.

"నలభై రోజులు ముళ్లు కొరికాను అల్లుడూ. ఏ ఒక్క పూట నువ్విటు తిరిగినా నా బతుకు తెల్లారేది," అంది నక్క. ఎగతాళిగా కూడా అనలేదు. దానికి ఆకలిగా ఉంది.

పొద్దు వాలాక మంద తిరిగొచ్చింది. ముసలి గొర్రె పొదుగు నిండా పాలతో దొడ్డంతా తిరుగుతూ పిలిచింది. బొల్లిగాడు పడమటి వైపు ఒక్కో కొమ్మా వాసన చూస్తూ ఉన్నాడు.

"పిల్లేది నాయనా?"

వాడు తర్వాతి కొమ్మకు ముక్కు ఆనించాడు.

మనం రోజూ చేసే పని ఏ వైపు మానేస్తామో, ఆ వైపే ఒక్క రోజూ మానకుండా వచ్చేవాడు కూర్చుని ఉంటాడు.