పొద్దుగూకితే పోయే కొలువు

వెనకటికి రాచగిరి కోట తలుపు దగ్గర దాలయ్య అనే కాపలావాడు ఉండేవాడు. గడ్డం నెరిసినా అతని కొలువు ఖాయం కాలేదు. దివాను కాపలావాళ్లందరినీ పొద్దుగూకగానే కొలువులోంచి తీసేసి, తెల్లారాక కొత్తగా చేర్చుకునేవాడు. అలా చేస్తే ఎవడూ పాతవాడు కాడని ఆయనగారి తెలివి.

ఒకనాడు రాజుగారు దివానును వెంటబెట్టుకుని వేటకెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చారు. కోట తలుపులు మూసి ఉన్నాయి.

"ఒరేయ్ దాలిగా, తలుపు తియ్యరా!" అని అరిచాడు దివాను.

లోపల అరుగు మీద పడుకున్న దాలయ్య కదల్లేదు. "పొద్దుగూకింది కదా బాబూ, నేనిప్పుడు కొలువులో లేను. కొలువులో లేనివాడు కోట తలుపు ముట్టుకుంటే తల తీయిస్తామని చాటింపు వేయించింది తమరే."

బయట దోమలు రాజని, దివానని చూడకుండా కుడుతున్నాయి.

"ఈ రాత్రికి నిన్ను చేర్చుకున్నాం, తియ్యి!" అన్నారు రాజుగారు.

"తెల్లారితే తీసేస్తారుగా ప్రభూ. ఆ మాత్రానికి లేవాలంటే నడుం ఒప్పుకోవట్లేదు."

రాజుగారు చెంప ఫెడీమని చరుచుకున్నారు. దోమ తప్పించుకుంది. "నిన్నూ, నీ తోటివాళ్లనూ అందరినీ ఖాయం చేశాం! ఇది రాజు మాట!"

దాలయ్య లేచొచ్చి ఒంటిచేత్తో తలుపు లాగాడు. గడియ చప్పుడే లేదు.

దివాను నోరెళ్లబెట్టాడు. "గడియ వెయ్యలేదట్రా?"

"తలుపు మూసేసరికే పొద్దుగూకుతుంది బాబూ. ఆ తర్వాత గడియ వెయ్యడానికి మీ మనిషెవడున్నాడు? ఇన్నేళ్లూ శత్రువులెవరూ తోసి చూడలేదు కాబట్టి బతికిపోయాం."