మల్లెల కట్టు

మూడు రోజులుగా నూకాలు గడప దాటలేదు.

మంత్రసాని పోలమ్మ దగ్గర ఆమె నాలుగేళ్లుగా పని నేర్చుకుంటోంది. పోలమ్మ పొరుగూరి కాన్పుకు వెళ్లిన రోజునే సాలెల వీధిలో దాలమ్మకు నొప్పులొచ్చాయి. నూకాలు మొదటిసారి ఒంటరిగా నిలబడింది. పిల్లవాడు ఊపిరి లేకుండా పుట్టాడు. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది.

పోలమ్మ తిరిగొచ్చి అన్నీ అడిగింది. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు ఏ రంగులో పోయింది, తల ఎలా వచ్చింది. అంతా విని, "నీ సేతుల్లో తప్పు లేదే. నానున్నా అంతే," అంది.

నూకాలు బాధ చేతుల గురించి కాదు, నోటి గురించి. ఆ నోరంటే వీధి వీధంతా మురిసిపోయేది. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చుంటే గలగలా మాట్లాడేది, నవ్వించేది, కాస్త కోతలు కూడా కోసేది. పోలమ్మ కన్నా ఈ పిల్లే నయం అని ఒకరిద్దరు అననే అన్నారు. ఆ మాట నూకాలు చెవిన పడకుండా ఉంటుందా?

ఆ రోజు దాలమ్మ వణికిపోతూ, "నాకు బయమేస్తందే," అంటే, "ఏటీ అవదు. నీ బిడ్డని నీ ఒళ్లో ఎట్టేస్తాను సూడు," అంది. ఒకసారి కాదు, పొద్దుట్నించి సాయంత్రం దాకా అంటూనే ఉంది.

ఒళ్లో పెట్టడానికి ఏమీ లేకపోయింది. తల్లి చూస్తే తట్టుకోలేదని అత్తగారు ఎర్రయ్యమ్మ పసివాణ్ణి అప్పటికప్పుడే గుడ్డలో చుట్టి మగాళ్ల చేతికి ఇచ్చేసింది.

"ఇంక నాను ఈ పని సెయ్యనేను పెద్దమ్మా," అంది నూకాలు. "ఆ యింటికి ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను? పోనీ ఎల్తే, ఏటి సెప్పాలో నువ్వే సెప్పు."

పోలమ్మ పెరట్లోకి వెళ్లి మల్లెపాదు మీదున్న మొగ్గలన్నీ కోసి ఒళ్లో పోసుకుంది. అరుగు మీద కూర్చుని ఒత్తుగా దండ కట్టింది. దాన్ని నూకాలు చేతిలో పెట్టి, "పద," అంది.

ఆ దండ తలలోకి కాదని నూకాలుకు తెలుసు. బిడ్డ దక్కని బాలింతలకు పాలు ఇంకిపోవడానికి రొమ్ముల మీద మల్లెలు కడతారు. మూడో రోజుకి పాలు పడతాయి. ఇన్నాళ్లు తన ఏడుపు తాను ఏడుస్తూ కూర్చున్న నూకాలుకు ఆ సంగతే గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. ఇచ్చిన దేవుడే తీసుకుపోయాడు అనొచ్చు. చిన్నదానివి, ఏడాది తిరక్కుండా మళ్లీ కంటావు అనొచ్చు. ఒక్కోటీ పైకే అని చూసుకుంది. పోలమ్మ విన్నదో లేదో, ముందు నడుస్తూనే ఉంది.

ఎర్రయ్యమ్మ గుమ్మంలోనే నిలేసింది.

"పిల్లడే లేకపోయాక మీకిక్కడ పనేటి?"

"తల్లుంది కదా," అంది పోలమ్మ. "నీళ్లు కాయి."

దాలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాన్పయినప్పటి నుంచీ మాటా లేదు, ఏడుపూ లేదు. గంజి కూడా ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. రవిక ముందంతా తడిసి అట్టకట్టింది. పోలమ్మ ఆమెను లేవదీసి, పీట మీద కూర్చోబెట్టి వేణ్ణీళ్లు పోసింది. నూకాలు పొడిగుడ్డతో ఒళ్లు అద్ది, రాళ్లలా గట్టిపడ్డ రొమ్ముల మీద మల్లెలు పరిచి, పాత చీరపేలికతో చుట్టసాగింది.

"పాలకి తెలీదేటి పెద్దమ్మా," అంది దాలమ్మ ఉన్నట్టుండి, "పిల్లడు లేడని?"

నూకాలు నోరు తెరిచింది. దారిలో కూడబలుక్కున్నవన్నీ నాలుక చివరికి వచ్చాయి. పోలమ్మ కట్టు కొసను తీసి నూకాలు పళ్ల మధ్య పెట్టింది.

"పట్టుకో. ముడెయ్యాల."

తర్వాత దాలమ్మ వైపు తిరిగి, "తెలీదమ్మా," అంది. అంతే.

పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ముడి పడ్డాక పోలమ్మ చెంబు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

దాలమ్మ నూకాలు చెయ్యి వదల్లేదు.

"నాను సూడ్నేదు. నువ్వు సూసినావు గదా. ఎలగున్నాడే?"

నూకాలు కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు. చూసింది చెప్పడమే మిగిలింది.

"తల నిండా జుత్తు," అంది మెల్లగా. "గెడ్డం కాడ సొట్ట, నీకున్నట్టే. కుడిసేయి గుప్పిట మూసుకునున్నాడు. నాను ఇప్పితే ఇప్పుకుంది."

"కళ్లో?"

"తెరవలేదు, దాలీ."

"బరువున్నాడా?"

"ఉన్నాడు. మంచి బరువు."

దాలమ్మ నోట్లోంచి ఒక కేక వచ్చింది. నూకాలు భుజం కరుచుకుని ఏడ్చింది. నూకాలు వెనక్కి జరగలేదు, ఊరుకోమనలేదు. తన కన్నీళ్లూ తుడుచుకోలేదు. ఎర్రయ్యమ్మ తలుపు దాకా వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడిపోయింది.

నూకాలు బయటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. పోలమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏడిసిందా?"

"ఏడిసింది పెద్దమ్మా."

పోలమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"అయితే రేపట్నించి నీళ్లొయ్యడానికి నువ్వొక్కద్దానివే ఎల్లు."