పోసిన నూనె

ఐసు సరిగ్గా గడ్డ కట్టడం లేదు. హార్బరు పక్క ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపే నాంచారయ్యకి అదే దిగులు. దిమ్మ పైకి గట్టిగానే ఉంటుంది. పగలగొడితే నడుమ నీళ్లు.

"ఇవాళ కూడా గుల్ల దిమ్మలే ఇచ్చావనుకో, రేపట్నుంచి అవతల ఫ్యాక్టరీకి పోతా," అనేసింది చేపల బోటుకి ఐసు కొనే కొండమ్మ. ఆ మాట యజమాని చెవిన పడితే నాంచారయ్య పని పోయినట్టే.

అతనికి పని నేర్పిన లాల్‌జాన్ గారు కూతురి పురిటికని ఊరెళ్లి, నెల దాటాక ఆ పొద్దున్నే దిగాడు. ఇంకా చేతిసంచి కూడా దించలేదు.

"గురువు గారూ, మిషనుకి నేను ఏ లోటూ చెయ్యలేదండి. రోజూ నూనె తగ్గుతోంది, రోజూ పోస్తున్నా. చూడండి, కింద ఒక్క చుక్క కారలేదు."

ఆయన వంగి చూశాడు. నేల పొడిగా ఉంది.

"మరి పోసిందంతా ఏమైందిరా?"

"మిషను తాగిందండి."

"తాగి?"

నాంచారయ్య కూడా అదే ఆలోచిస్తున్నాడు చాలా రోజులుగా.

లాల్‌జాన్ గారు గ్రీజు డబ్బా తెచ్చి, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు అతని కుడి చేతికి దట్టంగా పట్టించాడు. ఎడం చెయ్యి వట్టిదే.

"రెండూ దిమ్మ మీద పెట్టు."

"ఇదేం మొక్కండీ?"

"పెట్టరా."

కాసేపటికి ఎడం చెయ్యి జివ్వుమని లాగేసుకున్నాడు. కుడిది అలాగే ఉంది.

"దానికి చలి లేదా?"

"తగలట్లేదండి. గ్రీజు అడ్డం..."

మాట అక్కడే ఆగింది. ఉప్పునీళ్ల తొట్టిలో మునిగున్న గొట్టాల వైపు చూశాడు. చలి పుట్టేది వాటి లోపలే.

"గురువు గారూ, మీరు శుక్రవారం శుక్రవారం ఆ గొట్టాల అడుగు వాల్వు తిప్పి నూనె దించేది..."

"నువ్వు తిప్పలేదా?"

"మంచి నూనె పారబొయ్యడం ఎందుకని మానేశానండి."

నూనెతో పాటు వచ్చే అమోనియా ఘాటుకి ఇద్దరూ ముక్కులకి తడిగుడ్డలు కట్టుకున్నారు. వాల్వు మెల్లగా తిప్పితే బకెట్లోకి నల్లగా, ముదురు పాకంలా దిగింది నూనె. దిగుతూనే ఉంది.

కొండమ్మ గుమ్మం అవతలే ఆగి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏం తీస్తన్నారయ్యా, అంత ఘాటు?"

నాంచారయ్య తలెత్తలేదు.

"మిషను మీద వీడి ప్రేమమ్మా," అన్నాడు లాల్‌జాన్ గారు. "అది అడ్డం తొలిగితే నీ ఐసు గడ్డ కడుతుంది."