సిగ్నల్ స్తంభం మీద నూనెడబ్బా

కొత్తరేవు బడి కూడలిలో డ్యూటీ చేసే హెడ్ కానిస్టేబుల్ గవర్రాజుకు ఒళ్లంతా అనుమానమే. ఎవరైనా పలకరిస్తే వీడికి నాతో ఏం పని పడిందో అనుకునేవాడు. పలకరించకుండా పోతే వీడేం దాస్తున్నాడో అనుకునేవాడు.

ఒక ఉదయం నిర్మల అనే టెక్నీషియన్ నిచ్చెనతో వచ్చింది. సిగ్నల్ స్తంభం చివర బోర్లించిన గిన్నెలాంటి తెల్లటి వస్తువొకటి బిగించి, దాని తీగను కింది పెట్టెలోకి దింపింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు గవర్రాజు కళ్లు చికిలించి.

"టైము పట్టుకునే రిసీవరండీ. కరెంటు పోయినప్పుడల్లా సిగ్నల్ గడియారం తప్పిపోతోంది కదా! ఇకనుంచి రేడియో తరంగాల్లో వచ్చే టైము చూసి అదే సర్దుకుంటుంది. బడివేళ ఎర్రదీపం నలభై సెకన్లు వెలగాలి, మిగతా వేళల్లో పదిహేను చాలు."

"టైము కోసమే అయితే అంత ఎత్తున ఎందుకు?"

నిర్మల నవ్వింది. "పైన అయితేనే బాగా అందుతుందండీ. దానికి ఏదీ అడ్డం పెట్టకండి" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ నవ్వు గవర్రాజుకు గుచ్చుకుంది. ఎందుకంటే అతనికో అలవాటుంది. పిల్లలు రోడ్డు దాటేవేళ దగ్గరుండాల్సిన మనిషి, సిగ్నల్ ఉంది కదా అని ఎదుటి సందులో టీ తాగుతూ కూర్చునేవాడు. 'పట్టుకునేది టైమును కాదు, నన్ను. అందుకే అడ్డం పెట్టొద్దంది' అనుకున్నాడు. ఎటు తిరిగినా ఆ గిన్నె తనవైపే చూస్తున్నట్టుండేది. రెండు రోజులు భయంతో టీ మానేశాడు.

మూడో రోజు ఇక ఆగలేకపోయాడు. టీకొట్టు నుంచి ఖాళీ నూనెడబ్బా తెచ్చాడు. నిచ్చెన అడిగి తెచ్చుకుని ఎక్కి, ఆ రేకుడబ్బాను గిన్నె మీద బోర్లించి తీగతో బిగగట్టాడు. అదేమిటని టీకొట్టు వీర్రాజు అడిగితే, "పిట్టలు పాడుచేస్తున్నాయి" అన్నాడు. దిగి చేతులు దులుపుకుని పైకి చూశాడు.

"ఇప్పుడు చూడు, చూద్దాం!"

ఆ సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చింది. సిగ్నల్ గడియారం టైము కోసం వెతికింది. పైన రేకు అడ్డం. ఎంతయిందో తెలియక పన్నెండు నుంచి లెక్క మొదలుపెట్టింది.

మర్నాడు బడివేళయింది. ఆయా అప్పలనర్సమ్మ ఎప్పటిలాగే పిల్లలకు తాడు పట్టించి బయలుదేరింది. తాడుకు పద్దెనిమిది ముడులు, ముడికో పిల్ల. ఎర్రదీపం వెలిగింది. గడియారం లెక్కలో అది బడివేళ కాదు. పదిహేను సెకన్లకే, వాళ్లు రోడ్డు మధ్యకు వచ్చేసరికే పచ్చదీపం పడింది. ఇసుకలారీ ఒకటి హారన్ మోగిస్తూ దూసుకొచ్చింది.

సందులో మళ్లీ టీ తాగుతున్న గవర్రాజు అది చూశాడు. టీగ్లాసు విసిరేసి పరుగెత్తాడు. రెండు చేతులూ చాచి లారీకి ఎదురు నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి. లారీ అతనికి జానెడు దూరంలో ఆగింది. ఒక చిన్నపిల్ల తాడు వదిలేసి, వెక్కుతూ అతని ప్యాంటు పట్టుకుంది.

కబురందుకుని నిర్మల వచ్చింది. స్తంభమెక్కి నూనెడబ్బాను కిందికి దించింది.

"ఏ పాపిష్టోడమ్మా ఇది పెట్టింది?" అంది అప్పలనర్సమ్మ. "ఈ బాబు దేవుడిలా అడ్డం రాకపోతే నా పిల్లలేమయ్యేవారు!"

సంగతి తెలిసిన టీకొట్టు వీర్రాజు తల దించుకున్నాడు. జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. గవర్రాజును మాత్రం వాళ్లలో ఎవరూ అనుమానించలేదు. అది అతను భరించలేకపోయాడు.

"నేనే పెట్టాను. నా మీద నిఘా పెట్టారనుకున్నాను" అన్నాడు.

నిర్మల నిట్టూర్చింది. "దానికి కళ్లు లేవండీ. ఒక్క మాట అడిగి ఉంటే విప్పి చూపించేదాన్ని."

మర్నాడు గవర్రాజు అప్పలనర్సమ్మను అడిగి తాడు చివర పందొమ్మిదో ముడి వేసుకున్నాడు. ఆనాటి నుంచి పిల్లల వెనకాల ఆ ముడి పట్టుకునే రోడ్డు దాటేవాడు.

నీతి: అనుమానం వస్తే నోరు విప్పి అడగాలి. అడగకుండా చేతికి పని చెబితే, ఆ దెబ్బ ఏ పాపమూ ఎరుగని వాళ్ల మీద పడుతుంది.