ఐదో పాటలో ఆగిన తాళం

ఊరి బయట రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంట ఒకటుంది. తొలకరికి అందులో నీళ్లు చేరగానే, నడుమనున్న బండ మీదికి నాలుగు కప్పలెక్కి కచేరీ పెట్టాయి. బండ మీద పాడతాయి కాబట్టి ఊళ్లో జంతువులన్నీ వాటిని రాక్ బ్యాండు అనేవి. అసలు సిసలు రాక్ బ్యాండంటే అదేనండీ, మిగతావన్నీ పేరుకే. ఐదోది తాళాల తాత. ఆ ముసలి కప్ప బండెక్కదు. గట్టువార రాళ్ల సందులో కూర్చుని గులకరాయితో టక్ టక్‌మని తాళం వేస్తుంది, అక్కడైతే మోత బాగా వస్తుందట.

ఆ సాయంత్రం పాడిన ఏడు పాటల్నీ గోరింక పలుకులమ్మ ఒక్క కూత పొల్లుపోకుండా గొంతులో పెట్టుకుంది. అదే ఆల్బమ్. ఎవరడిగినా మొదటి నుంచి చివరిదాకా వినిపించేది. వెనక పడ్డ చప్పుళ్లు కూడా వదిలేది కాదు. ఏది పాటో ఏది కాదో తేల్చడం నా పని కాదనేది.

నాలుగు రోజులుగా, క్వారీకి రెండు చేల అవతల తుమ్మచెట్టు కింద మధ్యాహ్నాలు ఇదే సందడి. వినేది ముగ్గురు. ఇటుక బట్టీ గాడిద బూదయ్యకు పాటంటే చెవి కోసుకునేంత ఇష్టం. నక్క నరసింగానికి పాటకన్నా పాట గురించి మాట్లాడటం ఇష్టం. మాట్లాడి మాట్లాడి చెట్టు కిందున్న ఒకే ఒక్క చల్లని రాతిపలక సంపాదించుకుంది. మూడోది గేదె కాటుకమ్మ. అది నోరు విప్పేది కాదు, కళ్లు మూసుకుని నెమరేస్తూ వినేది. మొదటి పాటలో తడిమట్టి వాసన, మూడో పాటలో కొంగను వెక్కిరించే కూతలు తలుచుకుంటే దానికి ఒళ్లు పులకరించేది. పాపం, నాలుగో పాట అయ్యేసరికి పాలు పితికే వేళయ్యేది, యజమాని తోలుకుపోయేవాడు. ఆ రోజు మాత్రం ఆయన సంతకెళ్లి రాలేదు. పలుకులమ్మ నోట కాటుకమ్మ మొదటిసారి ఐదో పాట వింది.

పాట ఊపందుకుంది. అంతలో ఫుర్ర్‌మని ఒక చప్పుడు, వెంటనే గర్ర్‌మని ఇంకొకటి. ఆ తర్వాత తాళం లేదు.

నరసింగం కళ్లు అరమోడ్చి అర్థం చెప్పడం మొదలుపెట్టింది. ఆ గర్రుమన్నది కొత్త వాయిద్యమట. తాళం ఆపేయడం భూమి దాహానికి గుర్తట. ఇంత ధైర్యం ఏ బ్యాండు చేసింది అని అడిగితే బూదయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కాటుకమ్మ మాత్రం నెమరు ఆపేసింది. ఆ ఫుర్రుమన్నది తన ముక్కే. కచేరీ సాయంత్రం ఇంటికెళుతూ నీళ్లకని క్వారీ గట్టున ఆగింది. ఐదో పాటకు మైమరిచి వెనక్కి అడుగేసింది. డెక్క కింద రాయేదో దొర్లిందని ఇప్పుడు గుర్తొచ్చింది.

"పలుకులమ్మా, ఆగకు. చివరిదాకా వినిపించు," అంది.

ఆరో పాటలో తాళం లేదు. ఏడో పాట అడుగున ఎక్కడో, సన్నగా, టక్... టక్...

"అది పుడమి గుండె చప్పుడు. ఎంత లోతుగా ఉందో చూడు అక్కా," అని నరసింగం ఇంకా ఏదో చెబుతోంది. వినడానికి కాటుకమ్మ అక్కడ లేదు. అంత పెద్ద ఒంటితో చేలకడ్డంగా పరుగెడుతోంది. నాలుగు రోజులు, దేవుడా, నాలుగు రోజులని దాని గుండె కొట్టుకుంటోంది.

బండ మీద నాలుగు కప్పలూ మొహాలు వేలాడేసుకున్నాయి. గాయకుడు బొంగురయ్య సంగతి చెప్పింది. కచేరీ రోజు పొద్దున ఐదో పాట నడక దగ్గర తాతతో మాటామాటా పెరిగిందట. అందుకే అలిగి సగంలో వెళ్లిపోయిందనుకుని వెతకలేదట.

కాటుకమ్మ గట్టున దొర్లిపడి ఉన్న రాయికి చెవి ఆనించింది. చప్పుడు లేదు. కొమ్ము కిందికి దూర్చి, కళ్లు గట్టిగా మూసుకుని ఎత్తింది.

రాళ్ల చెమ్మలో ఒదిగి, చిక్కి సగమై, చేతిలో గులకరాయి వదలకుండా కూర్చునుంది తాత. ఒక కన్ను తెరిచి బొంగురయ్యను చూసింది.

"ఆరో పాట మరీ పరుగెత్తించారురా," అంది. "ఏడోది కుదిరింది."

"నువ్వు లేవనుకునే పాడాం మావా," అని బొంగురయ్య బావురుమంది.

వెనకాలే ఎగిరొచ్చిన పలుకులమ్మ ఏడో పాట మళ్లీ వినిపించింది. కాటుకమ్మ ఈసారి శ్రద్ధగా విన్నది. నాలుగు గొంతులూ, తమకు తెలియకుండానే, రాయి కింది ఆ సన్నని టక్కుకే అడుగులు వేశాయి. కోపాలు తెచ్చుకున్నా గొంతులు తాత చెయ్యి వదల్లేదు. ఇంత గొప్ప పాట ఇంకోటి ఉండదని కాటుకమ్మకు అప్పుడు అర్థమైంది.

"తాతా, ఆ రాయి దొర్లించింది నేనే," అని తల వంచుకుంది.

"మా పాటకు మైమరిచి అడుగు తప్పావు తల్లీ. నీ మీద కోపమెందుకు? తప్పిన తాళం వినిపించుకుని వచ్చింది కూడా నువ్వేగా."

అప్పటికి బూదయ్య వెనకాలే నరసింగం రొప్పుతూ వచ్చింది. వచ్చీరాగానే, ఆ చప్పుడు చాలా లోతైనదని నాలుగు రోజులుగా తాను చెబుతూనే ఉన్నానంది.

"నిజమే నాయనా," అంది తాత. "రెండు జానల లోతు. లోపలుండి నేను కూడా కొలిచాను."

బూదయ్య నవ్విన నవ్వుకు గుంటలో నీళ్లు కదిలాయి. మర్నాటి మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద చల్లని రాతిపలక మీద తాళాల తాత కూర్చుంది. నరసింగం గులకరాళ్ల మీద కూర్చుని, ఒక్క మాటా అనకుండా ఏడు పాటలూ వింది.

నీతి: పాటకు అర్థం చెప్పబోయే ముందు బాగా విను, పాడేవాడు నిన్నే పిలుస్తున్నాడేమో.