మొండికేతుడి జిల్లేడాకు

అనగనగా తూర్పు సముద్రపు ఒడ్డున ఒక రాజు. పేరు వసుపాలుడు. మంచివాడే గాని వట్టి పిరికివాడు. అలాంటి రాజుకు భయమంటే ఏమిటో తెలియని రాణిని కట్టబెట్టాడు దేవుడు. ఆవిడ పేరు హైమవతి. రోజూ తెల్లవారగానే ఏట్లో స్నానం చేసి, తూర్పుకు తిరిగి, దోసిలితో నీళ్లు తీసి సూర్యుడికి అర్ఘ్యం విడిచేది. సూర్యుణ్ణి కళ్లారా చూశాక గాని మెతుకు ముట్టేది కాదు. ముసురు పట్టిన రోజుల్లో మబ్బు విడిచేదాకా ఆవిడకు పస్తే.

వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, కత్తి తిప్పడంలో దిట్ట. రెండోవాడు విజయసేనుడు, మాటలతో కోటలు కట్టగలడు. మూడోవాడు మణికేతుడు. వీడికి తల్లి పోలిక వచ్చింది. ఒకసారి కాదన్నాడంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా అవుననడు. అందుకని ఊరంతా కలిసి వాడికి మొండికేతుడని పేరు పెట్టింది. కోపం వచ్చిందా అంటే, రాలేదు. పైగా అసలు పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు.

ఇలా ఉండగా మాఘమాసం వచ్చింది. అమావాస్య వెళ్లిన మర్నాడు తెల్లవారలేదు. జనం లేచి కూర్చుని చూశారు, చూశారు, ఎంతకీ పొద్దు పొడవదు. ఆకాశమంతా పొగ. ఆ పొగలోంచి ఒక గొంతు వినిపించింది. ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడు ఉన్నాడట, ఆ పొగ వాడి జుట్టేనట, ఆ జుట్టుతోనే సూర్యుడి రథాన్ని కట్టి పడేశాడట. ఇకమీదట సూర్యుడూ తనే, దేవుడూ తనే. తల వంచి, నేల చూస్తూ తన పేరు చెప్పి దండం పెట్టినవాళ్ల గుమ్మంలో ఒక దీపం వెలుగుతుంది. పెట్టనివాళ్లకు చీకటే గతి అన్నది ఆ గొంతు.

మొదట ఎవరూ వంచలేదు. పిల్లలు చీకటికి జడిసి ఏడ్చారు, ముసలివాళ్లు చలికి వణికారు. ఎవరో ఒకరు వంచారు. వాళ్ల గుమ్మంలో దీపం చూసి పక్కింటివాళ్లు వంచారు. చూస్తుండగానే ఊరంతా వంచింది. ఆఖరికి రాజు కూడా గది తలుపు వేసుకుని, రాణికి తెలియకుండా వంచాడు. గుమ్మంలో దీపం వెలిగాక ఇంక దాచేదేముంది చెప్పండి.

రాణి మాత్రం వంచలేదు. మెతుకూ ముట్టలేదు. పురోహితుడు వచ్చి, ఇది ఆపద్ధర్మం తల్లీ, దీపంలో ఉన్నదీ తేజస్సే కదా, దాన్నే సూర్యుడనుకుని ఒక్క ముద్ద తినమని బతిమాలాడు.

"దొంగ పెట్టిన దీపానికి దండం పెట్టి తింటే ఆ కూడు నా గొంతు దిగదు" అన్నది హైమవతి.

పూటపూటకూ ఆవిడ నీరసించింది. లేచి కూర్చోలేకపోయింది. సూర్యుడు రాకపోతే ఆవిడ దక్కదని అందరికీ తెలిసిపోయింది.

పెద్దవాడు సైన్యంతో ఓడలెక్కాడు. తిరిగి రాలేదు. రెండోవాడు పళ్లేలనిండా బంగారం పట్టించుకుని, బేరం కుదుర్చుకు వస్తానని వెళ్లాడు. వాడూ రాలేదు. మూడోవాడు బయలుదేరబోతే రాజు అడ్డం పడ్డాడు. మిగిలినవాడివి నువ్వొక్కడివే, నువ్వు కూడా పోతే ఎలా, ఆ దీపం ముందు ఒక్కసారి తల వంచితే పోయేదేముంది, మీ అమ్మకు కూడా నువ్వే నచ్చజెప్పు అన్నాడు. మొండికేతుడు నేరుగా తల్లి మంచం దగ్గరకు వెళ్లి, నేను వచ్చేదాకా ఉంటావా అమ్మా అని అడిగాడు.

"ఉంటాను నాయనా. నువ్వు మాత్రం ఎవడి ముందూ తల వంచి రాకు. అలా తెచ్చిన పొద్దు నాకొద్దు" అన్నది తల్లి.

కోటగోడ మీద ఒక కోడిపుంజు దిగాలుగా కూర్చుని ఉంది. పొద్దు లేకపోతే దాని కూత ఎవరిక్కావాలి? పొద్దు ఏ మూల నుంచి వస్తుందో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని, భుజం మీద ఎక్కించుకుంటే దారి చూపిస్తానని అన్నది. సరేనని ఎక్కించుకున్నాడు. సముద్రపు ఒడ్డుకు వెళ్తే అక్కడొక తాబేలు, ఎండ కాచుకుందామని వచ్చి, ఎండ లేక డిప్పలో ముడుచుకుని ఉంది. సంగతి విని తల బయట పెట్టి, నా వీపు మీద ఎక్కండి, నాకూ ఆ మాంత్రికుడి మీద కోపంగానే ఉంది అన్నది.

ముగ్గురూ బయలుదేరారు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కాస్త తూలింది. నేతి సముద్రంలో జారింది. పెరుగు సముద్రంలో దాని కాళ్లు కూరుకుపోతే మొండికేతుడు దిగి తోశాడు. పాల సముద్రంలో కోడి మునకలేసి హంసలా తెల్లగా తేలింది. ఏడోది మంచినీళ్ల సముద్రం. అది దాటితే ధూమకేశుడి దీవి.

ఆ దీవి నిండా బండలు, బండల మధ్య జిల్లేడు మొక్కలు, రేగు కంపలు. అంతకుమించి ఏమీ లేదు. ఒడ్డునంతా రాతి మనుషులు వరసగా నిలబడి ఉన్నారు, అందరూ తలలు వంచుకునే. వాళ్లలో తన అన్నలిద్దరినీ చూసి మొండికేతుడికి దుఃఖం ఆగలేదు. పెద్దన్న చల్లటి చెంప తడిమి, కళ్లు తుడుచుకుని ముందుకు నడిచాడు.

దీవి మధ్య ఒక గుహ. గుహలో ఏడు గుర్రాలు మోకాళ్ల మీద కూలబడి ఉన్నాయి. వాటినీ, రథాన్నీ, రథం తోలే అనూరుణ్ణీ నల్లటి జుట్టు చుట్టేసింది. గుహ ముందు ఒక రాతి గద్దె. దాని పక్కనే ధూమకేశుడు గురక పెడుతున్నాడు. గుమ్మానికి వేలాడే పంజరంలో ఒక చిలక ఉంది.

"వచ్చావా నాయనా. రా, నా పీక నులుము. వీడి ప్రాణం నాలో ఉందని తెలిస్తే చాలు, ప్రతివాడూ నా పీక మీదికే వస్తాడు" అన్నది చిలక.

"వాడి ప్రాణం నీలో దాచుకుంటే తప్పు వాడిది. నీ పీక నేనెందుకు నులుముతాను?" అన్నాడు మొండికేతుడు.

చిలక పంజరం అంచుకు జరిగింది. తరవాత గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పింది. ఆ పంజరం కూడా మాంత్రికుడి జుట్టుతో అల్లిందేనట, ఎండ తగిలితే తప్ప ఊడదట. వీడికి మంత్రం నేర్పిన గురువు చివర్లో ఒక మాట అన్నాడట. నెత్తిన అర్కం ఉన్నవాడి మీద నీ మంత్రం పారదు అని. సూర్యుడు అందరి నెత్తినా ఉండేవాడే కదా, అందుకే వీడు ముందు సూర్యుణ్ణి కట్టేశాడు. ఇప్పుడు ఎవరినైనా రాయి చేయగలడు.

అర్కమంటే ఏమిటని కోడి అడిగింది. ఆ మాట వినగానే మొండికేతుడికి నవ్వు వచ్చింది. చిన్నప్పుడు గురువుగారు అర్కమంటే సూర్యుడనీ, అర్కమంటే జిల్లేడనీ చెబితే, ఒక మాటకు రెండు అర్థాలు ఎలా ఉంటాయని వాడు మొండికేశాడు. గురువుగారు వాడి చేత పూటంతా గోడకుర్చీ వేయించారు. అలా నేర్చుకున్న చదువు ఎవడు మాత్రం మరిచిపోతాడు?

చుట్టూ చూస్తే అంతా జిల్లేడే. ఎవరూ నీళ్లు పోయరు, పశువులు నోరు పెట్టవు, పీకి పారేస్తే పక్కన మొలుస్తుంది. మొండికేతుడి కంటే మొండి మొక్క. ధూమకేశుడు రోజూ దాన్ని తొక్కుకుంటూ తిరిగేవాడు గాని ఇదేమిటని ఏనాడూ చూడలేదు. పెరటి చెట్టు మందుకు రాదంటారు కదా, అలాగే పెరట్లో ఉన్న శత్రువు కంటికి ఆనడు.

ఒక ఆకు కోసి నెత్తిన పెట్టుకుంటే గాలికి లేచిపోయింది. కోడి వెళ్లి రేగుపండు తెచ్చి దానిమీద బరువు పెట్టింది. మంత్రం తలమీదే పడుతుందని ఎవరు చెప్పారు, కాళ్లు రాయైపోతే ఇంటికెలా వెళ్తావని చిలక ఎగతాళి చేసింది. నిజమేనని రెండు ఆకులు భుజాల మీద, రెండు మోకాళ్ల మీద, రెండు పాదాల మీద పెట్టుకున్నాడు. మాంత్రికుడి రాతి గద్దె మీదే తూర్పుముఖంగా కూర్చున్నాడు. పండు గుండ్రటిది, తల ఏ కొంచెం వంగినా దొర్లిపోతుంది, ఆకూ పోతుంది. అందుకని మెడ నిటారుగా నిలిపి, కూయమని కోడికి చెప్పాడు. అది ఇన్నాళ్ల కూతా కలిపి కూసింది.

ధూమకేశుడు ఉలిక్కిపడి లేచాడు. తన గద్దె మీద కుర్రవాణ్ణి చూసి జుట్టులోంచి ఒక పాయ పీకి, రాయివి కమ్మని విసిరాడు. ఏమీ కాలేదు. అప్పుడు ఆ నెత్తిన ఉన్నదేమిటో చూశాడు, గురువు మాటకు అర్థం తెలుసుకున్నాడు. ఎలాగైనా ఆ తల వంచితే చాలనుకుని ఇంకో పాయ పీకాడు. అది నల్లతాచై మొండికేతుడి పాదాల దగ్గర బుస కొట్టింది. మొండికేతుడు కిందికి చూడలేదు. మరో పాయ పీకాడు. అది రత్నాల రాశి అయింది, వంగి ఏరుకో అంతా నీదే అన్నాడు మాంత్రికుడు. మొండికేతుడు దానివంకా చూడలేదు. ఈసారి గుప్పెడు జుట్టు పీకి విసిరాడు. అది హైమవతి అయింది. ఎముకల గూడులా మారిన హైమవతి కొడుకు పాదాల ముందు పడి ఉంది.

"నాయనా, ప్రాణం పోతోందిరా. ఒక్కసారి వంగి నా మొహం చూడు."

అచ్చం అమ్మ గొంతే. మొండికేతుడి కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. నిజంగా అమ్మే వచ్చి ఉంటే? నేను చూస్తుండగానే పోతే? తాబేలు డిప్పలోకి ముడుచుకుంది, చిలక కళ్లు మూసుకుంది. వాడు మాత్రం మెడ కదపలేదు.

"మా అమ్మవైతే నువ్వే లేచి నిలబడు. మా అమ్మ నన్ను వంగమని అడగదు" అన్నాడు.

పాదాల దగ్గర ఉన్నది పొగై లేచిపోయింది. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా? ధూమకేశుడికి ఒళ్లు తెలియని కోపం వచ్చింది. రెండు చేతులా జుట్టంతా పట్టి పీకేశాడు, గుర్రాలను కట్టిన జుట్టుతో సహా. ఏడు గుర్రాలూ ఒక్కసారిగా లేచాయి. ఎండ ఫెళ్లుమని కాసింది. పంజరం ఊడి, చిలకకు ఎండ తగిలి తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముతో మాంత్రికుడి ప్రాణం బయటపడి గాలిలో కలిసిపోయింది, వాడు బూడిదయ్యాడు. చిలక ఉన్నచోట ఒక అమ్మాయి నిలబడింది. ఆరో సముద్రం ఒడ్డున ఉన్న రాజు కూతురట, పేరు కీరవాణి.

"పీక నులమనివాడు ఒక్కడు దొరికాడు. ఇంకొకడు దొరుకుతాడన్న ఆశ నాకు లేదు. నన్ను చేసుకుంటావా?" అన్నది ఆమె. మొండికేతుడు జీవితంలో మొదటిసారి ఒక మాటకు వెంటనే అవునన్నాడు.

ఒడ్డున రాతి మనుషులంతా కదిలి ఓడలెక్కారు. ఏం కావాలో కోరుకోమన్నాడు అనూరుడు. మా అమ్మ మంచం మీద ఒక్క కిరణం పడితే చాలన్నాడు మొండికేతుడు. రథం ఇవాళ ఉత్తరం వైపు మళ్లుతోంది, దారి మీ ఊరి మీదుగానే, నీవాళ్లను తీసుకుని ఎక్కు అన్నాడు అనూరుడు.

ఎండ మొహాన పడితే హైమవతి కళ్లు తెరిచింది. కిటికీలోంచి సూర్యుణ్ణి చూసింది, గుమ్మంలో కొడుకుని చూసింది.

"వంచావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"అయితే ఆకలేస్తోందిరా" అన్నది.

వంటింట్లో నిప్పు లేదు, మాంత్రికుడి దీపాలన్నీ వాడితోనే ఆరిపోయాయి. అందుకని పెరట్లో, ఎండలోనే పిడకలు పేర్చి, సూర్యకాంతమణితో నిప్పు పుట్టించి పాలు పొంగించారు. కొత్తబియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండారు. విస్తరి కోసం వెతికే ఓపిక ఎవరికుంది? పందిరి మీది చిక్కుడాకులు కోసి వాటిలోనే పెట్టారు. రథం ఎలా ఉంటుందని ఆడవాళ్లు అడిగితే కీరవాణి చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి చేసి చూపించింది.

సూర్యుడు వచ్చాడు సరే, ఊళ్లో వాళ్లకు కనిపించలేదు. వంచి వంచి మెడలు బిగుసుకుపోయాయి. మొండికేతుడు గంపనిండా జిల్లేడాకులు తెప్పించాడు. హైమవతి మొదటి ఆకు భర్త నెత్తిన పెట్టింది. పడిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడిపోయింది. రాజు సిగ్గుతో ఏడ్చేశాడు. ఆవిడ ఆయన గడ్డం కింద చెయ్యి వేసి నెమ్మదిగా ఎత్తి, మూడోసారి పెట్టింది. నిలిచింది. ఆ రోజు మాఘ శుద్ధ సప్తమి. ఊరు ఊరంతా ఏట్లో దిగి, నెత్తిన ఆకులు పెట్టుకుని, మెడలు నిలబెట్టుకుని సూర్యుణ్ణి చూశారు.

మొండికేతుడికీ కీరవాణికీ పెళ్లయింది. అన్నలిద్దరూ రాజ్యం నీదేనన్నారు. పిల్లలు, మనవలు పుట్టేదాకా చల్లగా ఏలుకున్నారు. జుట్టు నెరిసిన తరవాత ఒక రథసప్తమి నాడు మొండికేతుడు పల్లకీలో ఏటి ఒడ్డుకు వచ్చాడు. రాజుగారు వస్తున్నారు తలలు వంచండని భటుడు కేక పెట్టాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డ ఒక ముసలమ్మ వెనక్కి కూడా తిరగలేదు.

"ఆకు పడిపోద్ది బాబూ. రాజుగోర్ని కాసేపు ఆగమను" అన్నది.

భటుడు కర్ర ఎత్తాడు. రాజు పల్లకీ దిగి, వాడి చెయ్యి పట్టుకుని ఆపి, నీళ్లలోకి నడిచాడు. అవ్వా, నాకూ ఒక ఆకు ఉందా అని అడిగి, తీసుకుని నెత్తిన పెట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. అప్పటినుంచి ఆ రాజ్యంలో రథసప్తమి నాడు రాజుకు దండం పెట్టే ఆచారం లేదు.