తవ్వని బావికి కుండెడు నీళ్ళు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చిత్రవాడ, గజకేసరి అనే రాజు ఉండేవాడు. శాసనాలు చెక్కించడమంటే ఆయనకు మహా ప్రీతి. ఎక్కడో ఒక బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయని విని, వెంటనే ఒక శాసనం వేయించాడు.

"బావి తవ్వదలచినవారు ముందుగా ఆ బావి నీళ్ళు కుండెడు తెచ్చి రుచి చూపించాలి. తియ్యగా ఉంటేనే అనుమతి. రాజు మొదలు కూలి వరకు ఇదే నియమం."

సరిగ్గా విన్నారా? బావి ఇంకా తవ్వలేదు. నీళ్ళు మాత్రం ముందే తేవాలి! సభలో అంత మంది పండితులుండి, "ఆహా!" అన్నారే గానీ, ఇదెలా కుదురుతుందని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఎర్రగట్టు అనే ఊళ్ళో ముప్ఫై గడపలు. గేదెలు పొర్లే మడుగు నీళ్ళనే గుడ్డతో వడకట్టుకుని తాగేవారు. పసిపిల్లలకు ఒకటే వాంతులు. ఆ ఊరి ఓబులమ్మ బావి అనుమతి కోసం మూడు నెలలు కచేరీ మెట్లు ఎక్కి దిగింది.

"కుండేదీ?" అనేవాడు అధికారి.

"తవ్వందే నీళ్ళెక్కడివి నాయనా?"

"రాజుగారి నియమాన్నే ప్రశ్నిస్తావా? ఎంత పొగరు!"

చివరికి ఆమె ఆస్థాన విదూషకుడు వెంగన్న గుమ్మం తొక్కింది. "రాజుగారిని నవ్విస్తావటగా! మా పిల్లల ఏడుపు కూడా వినిపించగలవా?"

వెంగన్న ముఖంలో నవ్వు పోయింది. "ఎల్లుండి ఉదయం రాజుగారి తోటలో కొత్త బావికి ముహూర్తం. వచ్చి నిలబడు పెద్దమ్మా" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. రాజు గునపం ఎత్తాడు. వెంగన్న వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆగండి ప్రభూ! కుండేదీ?"

"ఏం కుండ?"

"ఈ బావి నీళ్ళ కుండ. రుచి చూడాలి కదా!"

"ముహూర్తం దాటిపోతోంది!" అని పురోహితుడు గోల పెట్టాడు.

రాజుకు ఒళ్ళు మండింది. "వెర్రివాడా! తవ్వకుండా నీళ్ళెక్కడి నుంచి వస్తాయిరా?"

జనంలోంచి ఓబులమ్మ గొంతు ఖంగుమంది. "మూడు నెలలుగా నేనడిగిందీ అదే దొరా! మీరడిగితే తెలివి, మేమడిగితే పొగరా?"

రాజు ముఖం కందగడ్డయింది. "వెంగన్నా! నా శాసనం నా మీదే తిప్పుతావా? నీ తల తీయిస్తాను!"

"నా తల తీయిస్తే నీళ్ళు పడవు ప్రభూ. శాసనంలో ఆ ఒక్క పంక్తి తీయించండి, పడతాయి."

రాజు గుడ్లురిమి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా మీసం అదిరింది, ఆపైన బొజ్జ కదిలింది. పడీ పడీ నవ్వాడు.

"ఇంతమంది పండితుల్ని మేపుతున్నాను, ఒక్కడైనా చెప్పలేదే! ఆ పంక్తి ఇప్పుడే చెరిపేయండి. ఈ కూలీలంతా ముందు ఎర్రగట్టుకు వెళ్ళండి. నా బావి తర్వాత!"

అంటూ తన బంగారు కంకణం తీసి వెంగన్న చేతికి తొడగబోయాడు. అది పిడికిలి దాటి ఎక్కడం లేదు. రాజు తోస్తున్నాడు, వెంగన్న మూలుగుతున్నాడు, కూలీలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

ఓబులమ్మ అప్పటికే ఒక గునపం భుజాన వేసుకుంది.

"కంకణాలు మెల్లగా తొడుక్కుందురు గానీ, ముందు నడవండి నాయనా! అక్కడ పిల్లలు దాహంతో ఉన్నారు."